నన్నారి మొక్క పేరా, వాసన పేరా?

కడపలో ఏడు రోడ్ల కూడలికి కాస్త అవతల, వేసవిలో నేను ఆగే సోడా దుకాణం ఒకటుంది. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం మూడింటికి అక్కడ నిలబడడానికి చోటుండదు. గాజు గ్లాసులో ముందు అర చెక్క నిమ్మకాయ పిండుతారు. దాని మీద ఎర్రమట్టి రంగు పాకం ఒక గరిటె, నానిన సబ్జా గింజలు ఒక చెంచా, ఆఖరున సోడా. సోడా పడగానే అడుగునున్న పాకం పొగలా పైకి లేస్తుంది. గ్లాసు నోటి దగ్గరికి రాకముందే వాసన ముక్కుకు అందుతుంది. అదే నన్నారి. అనంతపురంలోనూ, కర్నూలులోనూ, ప్రొద్దుటూరులోనూ గ్లాసు మారుతుందేమో కానీ ఆ వాసన మారదు.

ఈ వేసవిలో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో దీని మీద తగాదా నడిచింది. ఒకరు పెన్సిల్ కన్నా సన్నటి ఎండు వేళ్ల కట్ట ఫోటో పెట్టి అసలైన నన్నారి ఇదేనన్నారు. హిందూపురం వైపు మా పిన్ని బొటనవేలంత లావున్న గడ్డల ఫోటో పెట్టి, నలభై ఏళ్లుగా తాను ఊరగాయ పెడుతున్నది దీనితోనేనన్నది. బెంగళూరులో ఉంటున్న మా మేనల్లుడు ఆ రెండూ కాదని, బజారులో దొరికేదంతా ఎసెన్సేనని తేల్చేశాడు. వారం రోజులు ఎవరూ ఎవరి మాటా ఒప్పుకోలేదు. తమాషా ఏమిటంటే ముగ్గురు చెప్పిందీ నిజమే. చిక్కంతా ఒకే పేరు ఇన్ని వస్తువుల మీద కూర్చోవడంలో ఉంది.

పేరు చెప్పేది వాసననే

నన్నారి అన్న మాట మనకు తమిళం నుంచి వచ్చింది. అక్కడ దానికి మంచి వాసన గలది అని అర్థం. మన తెలుగు పేరు సుగంధిపాల. మంచి వాసన, తుంచితే పాలు. ఈ రెండు పేర్లలో ఏదీ ఆకు ఎలా ఉంటుందో, పువ్వు ఏ రంగులో పూస్తుందో చెప్పదు. ముక్కుకు తెలిసిందే పేరైంది. కాబట్టి అదే వాసన ఇంకో మొక్క వేరులో దొరికితే దానికీ అదే పేరు పెట్టడానికి జనం ఆలోచించలేదు. సీసాలో దొరికితే సీసాకూ పెట్టారు.

రెండో మొక్కకు పేర్లు మరీ ఎక్కువ. మారేడు గడ్డలు, మారేడు కొమ్ములు, నన్నారి కొమ్ములు, బర్రె సుగంధి అని ఒక్కో చోట ఒక్కో మాట. అనంతపురం సరిహద్దులో కన్నడం మాట్లాడే ఇళ్లలో అది మాకళి బేరు. ఇందులో మారేడు అన్న మాట దగ్గర పొరబడేవాళ్లు చాలామంది. శివుడి పూజకు వాడే మారేడు చెట్టుకూ ఈ గడ్డకూ ఏ చుట్టరికమూ లేదు. అది చెట్టు, ఇది తీగ. ఇక కొమ్ము అంటే ఇక్కడ చెట్టు కొమ్మ కాదు. పసుపు కొమ్ము, శొంఠి కొమ్ము అంటామే, ఆ కొమ్ము.

సన్న వేరు: చేను గట్టున ఉండే సుగంధిపాల

వృక్షశాస్త్రంలో దీని పేరు హెమిడెస్మస్ ఇండికస్. జిల్లేడు కుటుంబానికి చెందిన సన్నని తీగ. కొండ ఎక్కకుండానే కనిపిస్తుంది. కంపచెట్ల కింద, గట్ల మీద, పాత బండల సందుల్లో నేల మీద పాకుతూ, ఆసరా దొరికితే చుట్టుకుంటూ పెరుగుతుంది. ఆకులు ఎదురెదురుగా జంటగా ఉంటాయి. ముదురాకుపచ్చ మీద నడి ఈనె వెంట తెల్లటి చార కనిపిస్తుంది. ఒకే తీగ మీద కొన్ని ఆకులు గడ్డిపోచలా సన్నగా, కొన్ని కోలగా వెడల్పుగా ఉండడంతో, కొత్తవాళ్లు రెండు తీగలు కలిసి అల్లుకున్నాయనుకుంటారు. పువ్వులు చిన్నవి, బయట ఆకుపచ్చ, లోపల ఊదా. కాయలు సన్నగా జంటగా, ఒకదానికొకటి ఎదురు దిక్కులకు చాచి ఉంటాయి.

వేరు సన్నన, గట్టిది, పొడవైనది. పైన గోధుమరంగు బెరడు అక్కడక్కడా అడ్డంగా పగిలి ఉంటుంది. వాసన ఎక్కువగా ఆ బెరడులోనే. లోపలి కర్ర నమిలితే కర్రలాగే ఉంటుంది. అందుకే దీన్ని కూరగాయలా తినరు. నానబెట్టి, కాచి, సారం తీసి పారేస్తారు. ఆయుర్వేదంలో సారిబ, అనంతమూలం అనే పేర్లు దీనివే. పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ వాళ్ల ఔషధ గ్రంథంలోకి కూడా ఎక్కింది. అమెరికా నుంచి వచ్చే సార్సపరిల్లా వేరుకు భారతీయ ప్రత్యామ్నాయంగా దాన్ని వాళ్లు చూశారు.

లావు గడ్డ: కొండరాళ్ల మధ్య మారేడు కొమ్ములు

రెండోదాని పేరు డెకాలెపిస్ హామిల్టోనై. ఇదీ అదే కుటుంబం, ఇదీ పాలు కారే తీగే. కానీ ప్రపంచంలో దక్షిణ భారతదేశంలో తప్ప సహజంగా ఎక్కడా పెరగదు. శేషాచలం, పాలకొండలు, నల్లమల, కర్ణాటక తమిళనాడు సరిహద్దు కొండలు దీని పుట్టిళ్లు. కడప నుంచి రాయచోటికి వెళ్లే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతూ పాలకోవా కోసం ఆగినప్పుడు, రోడ్డు పక్కన పైకి లేచిన ఎర్రరాతి గోడను ఒకసారి గమనించండి. ఆ పగుళ్లలో రవ్వంత మట్టి నిలిచే చోటు ఈ తీగకు చాలు. సుగంధిపాల ఆకుతో పోలిస్తే దీని ఆకు వెడల్పు, నున్నన, దళసరి. తెల్ల చార ఉండదు. కాండం ముదిరితే ఎర్రటి గోధుమరంగుకు తిరుగుతుంది.

భేదమంతా నేల కింద. ఒక మొదలు నుంచి గుత్తిగా గడ్డలు దిగుతాయి. సెంటీమీటరు నుంచి ఐదారు సెంటీమీటర్ల దాకా లావు, కండగలవి, రసం నిండినవి. అడ్డంగా కోస్తే బయట తెల్లటి కండ, నడుమ పుల్లలా గట్టి కర్ర కనిపిస్తాయి. తినేది కండ, తీసేసేది కర్ర. ముక్క నోట్లో వేసుకుంటే ముందు తీపి తగులుతుంది, వెంటనే నాలుక కొంచెం మొద్దుబారినట్లవుతుంది, ఆ తర్వాత చాలాసేపు వాసన నోట్లోనే నిలుస్తుంది.

మార్కెట్లో ఈ గడ్డలను తడి గోనె మీద పరిచి అమ్మే ఒక ముసలామె దగ్గర నేను నేర్చుకున్నది ఒకటుంది. గడ్డను వాసన చూస్తూ ఎంచుతున్న నన్ను చూసి, "అట్లా కాదు నాయనా, గోరుతో గీకి చూడు" అన్నది. గీకిన చోట బెరడు లేచి తడి కండ బయటపడింది. వాసన ఒక్కసారిగా గుప్పుమంది. బెరడు లేవకుండా గోరు జారిపోతే ఆ గడ్డ వాడిపోయిందని ఆమె లెక్క. ఊరగాయకు వాడిపోయిన గడ్డ పనికిరాదు, షర్బత్‌కు పరవాలేదు.

మందుల సంచిలో ఇంకో రెండు

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఆయుర్వేదంలో సారిబ రెండు రకాలు, తెల్లది, నల్లది. తెల్లది మన సుగంధిపాలే అని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. నల్లది ఏదన్న దగ్గర వైద్యుల్లోనే మాట తేడా ఉంది. నల్లతీగ అనే ఇక్నోకార్పస్ అని కొందరు, అడవిపాల తీగ అనే క్రిప్టోలెపిస్ అని మరికొందరు అంటారు. వాటి వేళ్లకు ఈ వాసన ఉండదు. పైగా సుగంధిపాల సన్న వేరు తవ్వి కిలో కూడబెట్టడం కష్టం, మారేడు గడ్డ ఒక్క గుంటలోనే తూకానికి వస్తుంది. అందువల్ల మూలికల వ్యాపారంలో సుగంధిపాల పేరుతో మారేడు గడ్డ ముక్కలు అమ్ముడుపోవడం ఎప్పటినుంచో ఉన్నదే. షర్బత్ కాచుకునేవారికి దానితో నష్టమేమీ లేదు. మందు కాచుకునేవారికి మాత్రం చీటీ మీద రాసినదీ సంచిలో ఉన్నదీ ఒకటి కాకపోవడం చిన్న సంగతి కాదు.

పాలు కారే తీగలన్నీ తినదగినవి కావన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జిల్లేడు కుటుంబంలో విషపు మొక్కలు తక్కువేమీ కాదు. ఫోటో చూసి తీగను గుర్తుపట్టానని తవ్వుకొచ్చి కాచుకునే ధైర్యం నాకైతే లేదు.

ఒకే వాసన రెండు వేళ్లలోకి ఎలా వచ్చింది

ఆ వాసనకు రసాయనశాస్త్రంలో నోరు తిరగని పేరుంది: 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్. దీని బదులు వెనిల్లా వాసన గుర్తుచేసుకుంటే సులువు. ఐస్‌క్రీంలో, కేకులో వచ్చే వాసన వెనిలిన్ అనే పదార్థానిది. వెనిలిన్ అణువులో 8 కర్బనం, 8 హైడ్రోజన్, 3 ఆక్సిజన్ పరమాణువులుంటాయి. నన్నారి అణువులోనూ సరిగ్గా అవే, అన్నే. అమరికే వేరు. ఒకే ఇటుకలతో కట్టిన రెండు ఇళ్లలో వంటగది ఒకదానిలో తూర్పుకు, ఇంకోదానిలో పడమరకు ఉన్నట్లు. అందుకే తొలిసారి నన్నారి తాగిన పైఊరివాళ్లు ఇందులో వెనిల్లా కలిపారా అని అడుగుతారు.

మారేడు గడ్డ నుంచి ఆవిరి పట్టి తీసిన నూనెలో నూటికి తొంభై పాళ్లకు పైగా ఈ ఒక్క పదార్థమే ఉంటుంది. సుగంధిపాల వేరు నూనెలోనూ ముఖ్యమైనది ఇదే. కాబట్టి రెండు మొక్కలనూ ఒకే పేరుతో పిలిచిన మన పెద్దల ముక్కు తప్పు చేయలేదు. ముక్కు చూసింది అణువును, కన్ను చూడాల్సింది తీగను.

మొక్క ఈ వాసనను మన షర్బత్ కోసం దాచుకోలేదు. పురుగులకు, బూజుకు అది గిట్టదు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ ఈ గడ్డను నిల్వ ధాన్యంలో పురుగుల మీద పరీక్షించింది కూడా. ఊరగాయ ఏళ్ల తరబడి చెడకుండా ఉంటుందని మా పిన్ని చెప్పే మాటలో ఉప్పు, నిమ్మరసంతో పాటు ఈ అణువుకూ వాటా ఉండవచ్చు.

ఇల్లంతా ఘుమఘుమ, గ్లాసులో చప్పన

ఈ అణువుకు ఇంకో గుణం ఉంది. ఆవిరితో కలిసి ఎగిరిపోతుంది. వంటింటి తప్పులు చాలా వరకు ఇక్కడే జరుగుతాయి. మొదటిసారి నేను నన్నారి పాకం కాచినప్పుడు వేళ్లను వెడల్పాటి గిన్నెలో వేసి, మూత పెట్టకుండా గంటసేపు మరిగించాను. వీధి చివరి ఇంటి వాళ్లు కూడా వచ్చి ఏమి వండుతున్నారని అడిగి వెళ్లారు. నాకు గర్వంగా అనిపించింది. తీరా సాయంత్రం గ్లాసులో పోసుకుంటే బెల్లం నీళ్లకన్నా కొంచెం మెరుగు. వాసనంతా వీధికి పంచేశాను.

పాత పద్ధతిలో తెలివి అందుకే. వేళ్లను కడిగి, దంచి, బెరడు చితికాక రాత్రంతా నీళ్లలో నానబెడతారు. పొద్దున వడగట్టిన నీటిని విడిగా ఉంచి, చక్కెర పాకం విడిగా పట్టి, పాకం కాస్త చల్లారాక రెండూ కలుపుతారు. కొందరు మూత పెట్టి కొద్దిసేపే కాచి, మూత తీయకుండానే చల్లార్చుతారు. మూత లోపల నిలిచిన చెమట నీరు తిరిగి గిన్నెలో పడేలా చూసుకునే ఆడవాళ్లకు ఆవిరి పట్టే సూత్రం ఎవరూ పాఠం చెప్పి ఉండరు.

ఒక గ్లాసు లెక్క

మా ఇంటి కొలత వంద గ్రాముల ఎండు వేళ్లకు కిలో చక్కెర. పాకంలో చక్కెర నూటికి 65 పాళ్లు ఉండేలా దించితే మొత్తం సుమారు కిలోన్నర బరువు, లీటరుకు కొంచెం పైన పాకం వస్తుంది. గ్లాసుకు 30 మిల్లీలీటర్లు పోస్తే 39 గ్లాసులు. అంటే ఒక్కో గ్లాసులో పడే వేరు రెండున్నర గ్రాములు, చక్కెర పాతిక గ్రాములు. ఒక పాలు వేరుకు పది పాళ్లు చక్కెర.

ఇప్పుడు ఇదే కొలతను దుకాణానికి తిప్పండి. రోజుకు 200 గ్లాసులు, వేసవి 90 రోజులు అనుకుందాం. 18,000 గ్లాసులకు సుమారు 46 కిలోల ఎండు వేళ్లు కావాలి. ఇది ఒక్క దుకాణానికి. ఊరికి ఎన్ని దుకాణాలున్నాయో, జిల్లాకు ఎన్ని ఊళ్లున్నాయో మీరే వేసుకోండి. సన్న వేరు ఆ తూకానికి చాలదు కాబట్టి గడ్డ వచ్చింది. గడ్డ కూడా చాలదు, ధర ఎక్కువ, ఏడాది పొడవునా దొరకదు కాబట్టి ఎసెన్స్ వచ్చింది. మా మేనల్లుడి మాటకు ఆధారం ఈ లెక్కలోనే ఉంది.

ఎసెన్స్ అంటే విషమేమీ కాదు, ఆ మాటా అనాలి. కర్మాగారంలో తయారైన ఆ అణువుకూ, గడ్డలోని అణువుకూ నిర్మాణంలో తేడా లేదు. ప్రపంచంలో వాడే వెనిల్లా వాసనలో చాలా భాగం కూడా ఇలా తయారైనదే. తేడా ఎక్కడంటే, వేరులో ఈ ఒక్క అణువే కాక చేదు, వగరు, మట్టి రుచి ఇచ్చే ఇతర పదార్థాలూ నీటిలోకి దిగుతాయి. ఎసెన్స్‌లో అవి ఉండవు. అందుకే నిజమైన నన్నారికి తీపి తర్వాత చివర్లో చిన్న వగరు మిగులుతుంది, ఎసెన్స్‌ది తీపితోనే ఆగిపోతుంది. సీసా మీద చిన్న అక్షరాల్లో రుచికారకం కలిపినట్లుంటే, అది సహజమైనదా, సహజానికి సమానంగా తయారుచేసినదా, కృత్రిమమైనదా రాయాలని ఆహార భద్రతా నిబంధనలు చెబుతాయి. రంగు సంఖ్య 150తో మొదలైతే అది మాడ్చిన చక్కెర రంగు. ముందు వైపు గడ్డ బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా, వెనక వైపు పదార్థాల వరుసలో వేరు సారం అన్న మాట ఎక్కడుందో అదే ముఖ్యం. ఆ వరుస బరువును బట్టి, ఎక్కువ నుంచి తక్కువకు ఉంటుంది.

చలువ చేస్తుందా

దీని మీద రెండు పక్షాలున్నాయి, రెంటికీ చెప్పుకోదగ్గ ఆధారం ఉంది. చరక సంహితలో దాహప్రశమన గణం అని పది ద్రవ్యాల జాబితా ఒకటుంది. అందులో సారిబ ఉంది. పేలాలు, చందనం, వట్టివేరు, తిప్పతీగ కూడా అందులోవే. అయితే దాహం అన్న మాటకు సంస్కృతంలో మంట అని అర్థం. తెలుగులో మాత్రం అది దప్పికగా మారిపోయింది. దప్పిక తీర్చే మందు అని మనం చదువుకునేది, అసలు ఒళ్లు మంటను చల్లార్చే మందు. ఇంకో విశేషం, ఆ పదింటిలో చక్కెర కూడా ఒకటి. పాతకాలం వైద్యుడు మన గ్లాసును చూస్తే మరీ కోప్పడడేమో.

రెండో పక్షం అడిగేది మోతాదు గురించి. వేరు సారంతో ప్రయోగశాలల్లో, ఎలుకల మీద చేసిన పరిశోధనలు చాలానే ఉన్నాయి. కాలేయాన్ని కాపాడే గుణం, వాపు తగ్గించే గుణం వాటిలో కనిపించాయి. కానీ అక్కడ వాడేది గాఢమైన సారం. మన గ్లాసులో ఉన్నది రెండున్నర గ్రాముల వేరు నానిన నీరు. నలభై డిగ్రీల ఎండలో నడిచి వచ్చినవాడికి చల్లటి నీరు, నిమ్మరసం, కాస్త తీపి ఏ పేరుతో ఇచ్చినా ప్రాణం లేచొస్తుంది. నా మటుకు నాకు ఈ రెండో మాటే ఎక్కువ సబబుగా తోస్తుంది. చక్కెర జబ్బు ఉన్నవారికైతే పాతిక గ్రాముల చక్కెర, అంటే ఐదారు చెంచాలు, వేరు గుణం కన్నా ముందే పని మొదలుపెడుతుంది.

నల్లి వాసనంటారు కొందరు

షర్బత్ విషయంలో అందరూ ఒకటవుతారు. ఊరగాయ దగ్గరే ఇళ్లు చీలుతాయి. పచ్చి గడ్డ వాసన కొందరికి వెనిల్లా, కొందరికి నల్లి. తమిళుల ఇళ్లలోనూ ఇదే హాస్యం. మా ఇంట్లో మా నాన్న ఆ జాడీ మూత తీస్తే భోజనం పళ్లెం పట్టుకుని వరండాలోకి వెళ్లేవారు.

పిన్ని పద్ధతి ఇది. గడ్డలను మట్టి పోయేదాకా నాలుగైదు నీళ్లలో కడుగుతుంది. రాత్రంతా నీళ్లలో ఉంచితే బెరడు మెత్తబడుతుంది. పొద్దున కత్తి వెనక వైపుతో బెరడు గీకి, గడ్డను నిలువుగా చీల్చి, నడిమి కర్రను వేలితో లాగేస్తుంది. లేత గడ్డలో అది దారంలా వచ్చేస్తుంది, ముదురు గడ్డలో కత్తి కావాలి. ముక్కలను కోసిన వెంటనే ఉప్పు కలిపిన నిమ్మరసంలో వేస్తుంది, గాలికి ఉంచితే నల్లబడతాయని. మూడు రోజులు ఊరాక పసుపు, మిరపపొడి, ఆవపిండి. తినే రోజున గరిటెడు ఊరగాయను విడిగా తీసి చిక్కటి పెరుగులో కలుపుతుంది. జొన్నరొట్టెలోకి కాదు, పెరుగన్నంలోకి. కర్ణాటక వైపు మొదటి నుంచే మజ్జిగలో ఊరవేసే ఇళ్లూ ఉన్నాయి.

వంద గ్రాముల వేరు షర్బత్‌లో 39 మందికి వాసన మాత్రం ఇస్తే, ఊరగాయలో గడ్డే తిండి. కిలో గడ్డలు బెరడు, కర్ర పోగా చిన్న జాడీ కూడా నిండవు. అందుకే మా వైపు ఇది ఎక్కువగా ఇంటి సరుకుగానే మిగిలింది.

తవ్వేవాళ్లు, చట్టం, తీగ

ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది, కాయ కోస్తే మళ్లీ కాస్తుంది. వేరు తీస్తే మొక్కే పోతుంది. నన్నారి కథలో ముల్లు ఇదే. మారేడు గడ్డ అపాయంలో ఉన్న మొక్కగా లెక్కకు ఎక్కింది. దాని విత్తనాలు పత్తి కుచ్చుతో గాలికి ఎగిరిపోతాయి, పడిన చోట మొలకెత్తేవి తక్కువ. గడ్డ అమ్మకానికి వచ్చేంత లావు కావడానికి ఏళ్లు పడుతుంది. గునపంతో రాతి సందును పెకలించి గుత్తి మొత్తం తీసేస్తే ఆ పగులులో మట్టి కూడా మిగలదు.

నల్లమలలో చెంచులు, కడప చిత్తూరు కొండల్లో యానాదులు, సుగాలీలు ఈ తవ్వకం తెలిసినవాళ్లు. తల మొదలును, రెండు మూడు గడ్డలను వదిలి, మట్టి కప్పి రావడం వాళ్లలో అనుభవజ్ఞుల పద్ధతి. వదిలిన మొదలు వాన పడితే చిగురిస్తుంది. కానీ నేను ఈ ఏడాది వదిలినది రేపు ఇంకొకరు తవ్వరన్న నమ్మకం ఉంటేనే ఎవరైనా వదులుతారు.

చట్టం ఇక్కడ రెండు వైపులా మాట్లాడుతుంది. 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవి నుంచి అనుమతి లేకుండా ఏదీ తేకూడదు. అభయారణ్యంలో 1972 వన్యప్రాణి చట్టం ఇంకా గట్టిది. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం చిన్న తరహా అటవీ ఉత్పత్తులను తరతరాలుగా సేకరిస్తున్న వారికి వాటి మీద యాజమాన్య హక్కు ఉందంటుంది. ఆ ఉత్పత్తుల నిర్వచనంలో ఔషధ మొక్కలు, వేళ్లు, దుంపలు పేరుపెట్టి ఉన్నాయి. ఉదాహరణకు ఒకే కొండ మీద ఇద్దరు గడ్డలు తవ్వారనుకుందాం. ఒకరు హక్కు గుర్తింపు పొందిన చెంచు గూడెం మనిషి, ఇంకొకరు పట్నం వ్యాపారి కూలికి పంపిన మనిషి. గునపం ఒకటే, గుంట ఒకటే. మొదటివారిది హక్కు, రెండోవారిది నేరం. ఎర్రచందనం పెరిగే కొండలు కావడంతో ఇక్కడ అడవిలో అడుగుపెట్టిన ఎవరి మీదైనా నిఘా ఎక్కువ. హక్కు పత్రం చేతిలో లేని సేకరణదారు ఈ రెంటి నడుమ నలుగుతాడు. దళారికి అగ్గువకు అమ్మడానికి ఆ భయం కూడా ఒక కారణం. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ తేనెతో పాటు నన్నారి షర్బత్ కూడా అమ్ముతుంది. దళారి లేకుండా కొనే దారి అలాంటిది ఒకటి ఉన్నా, కొండ మీది ప్రతి గూడేనికీ అది చేరువలో ఉండదు.

సాగు చేయవచ్చు కదా అంటారు. చేయవచ్చు. కణజాల వర్ధనంతో, అంటే మొక్క తునక నుంచే కొత్త మొక్కలు పెంచే పద్ధతితో, ప్రయోగశాలల్లో మొక్కలు తీశారు, నర్సరీల్లో పెంచినవారూ ఉన్నారు. అయితే అనంతపురం రైతుకు వేరుశనగ నాలుగు నెలల్లో ఇంత అని లెక్క చెబుతుంది, వాన రాకపోతే లేదనీ నాలుగు నెలల్లోనే చెబుతుంది. రెండు మూడేళ్లు నేలలో దాగి ఉండే గడ్డ కోసం ఎదురుచూడాలంటే ఆ మధ్యలో తినడానికి ఇంకేదో ఉండాలి. కొండ రాతిలో పెరిగిన గడ్డ వాసన చేలో గడ్డకు రాదని కొనేవాళ్ల నమ్మకం ఒకటి. సాగుతో అడవి మీద ఒత్తిడి తగ్గుతుందని కొందరు, సాగు పెరిగితే ధర పడి చెంచులకు ఉన్న కాస్త రాబడీ పోతుందని మరికొందరు. ఎసెన్స్‌ను తిట్టేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. ఈ పద్దెనిమిది వేల గ్లాసులకు ఎసెన్సే లేకపోతే పాలకొండల్లో ఇప్పటికి ఎన్ని తీగలు మిగిలి ఉండేవో.

ఇదంతా తలలో పెట్టుకుని మొన్న సోడా దుకాణానికి వెళ్లాను. గ్లాసు చేతికిచ్చాక, "అన్నా, ఇది వేరుదా, గడ్డదా?" అని అడిగాను. ఆయన ఏమీ దాచలేదు. కింద నుంచి ఐదు లీటర్ల డబ్బా తీసి, వెనక వైపు నాకు తిప్పి చూపించాడు. వరుసలో మొదట చక్కెర, తర్వాత నీరు, ఆ తర్వాత రుచికారకం, రంగు. వేరు పేరు ఎక్కడా లేదు.

"గడ్డది కావాలంటే ఎనిమిదింటికి రండి సార్" అన్నాడు గ్లాసులు కడుగుతూ. "అమ్మడానికి కాదు. ఇంట్లో పిల్లలకని మా ఆవిడ నానబెట్టింది."